ఆఖరి పేరు దగ్గర ఆగిపోయిన పేజీ

పోయిన వారం గళ్ళమ్మను మీటింగు గది గుమ్మంలో వదిలేశాం. చంకలో లాప్‌టాప్, గొంతులో ఏడుపు, ఆరు నెలల కష్టం కళ్ళెదుటే ఇంకొకరి చేతిలో. అప్పట్నుంచీ ఆ మనిషి అక్కడే నిలబడి ఉంది. ఇక లోపలికి తీసుకెళ్ళకపోతే మనకే పాపం తగులుతుంది. కాకపోతే కథలోకి కొత్తగా అడుగుపెట్టేవాళ్ళూ ఉంటారు కాబట్టి ముందు నాలుగు ముక్కలు చెప్పుకుందాం.

గళ్ళమ్మ ఒక పెద్ద ఆసుపత్రి కంప్యూటర్ సెక్షన్లో పనిచేస్తుంది. ఆసుపత్రి వెబ్‌సైటుకు పేజీలు పెట్టడం ఆమె ఉద్యోగం. ఆ పేజీలు పేజీ బిల్డర్‌లో తయారవుతాయి. అందులో కోడు రాయనక్కర్లేదు. తెర మీదికి గళ్ళు లాక్కొచ్చి, ఒక గడిలో ఫొటో, ఇంకో గడిలో రాత పెట్టి పక్కపక్కన పేర్చుకుంటే పేజీ సిద్ధం. గళ్ళు పేర్చే మనిషి కాబట్టి గళ్ళమ్మ. వెక్కిరింపుగా ఆ పేరు పెట్టింది సెక్షన్ సీనియర్, ఆమెకు స్వయానా అక్క మొగుడు. ఆఫీసులో "సార్", ఇంట్లో "బావగారు". పదకొండేళ్ళ కిందట నర్సులు కాగితాల మీద రాసుకునే డాక్టర్ల డ్యూటీ రిజిస్టరును కంప్యూటర్లోకి ఎక్కించిన ఘనత ఆయనది. ఆ ఒక్క ఘనత మీదే ఇప్పటికీ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

పేజీ బిల్డర్‌తో చిక్కల్లా ఒక్కటే. గడిలో ఏది రాస్తే అదే ఉంటుంది, మనం మళ్ళీ వెళ్ళి చెరిపేదాకా. "ఈరోజు ఏ డాక్టరు ఏ గదిలో" అనే పేజీని గళ్ళమ్మ రోజూ పొద్దున్నే రిజిస్టరు చూసి చేత్తో కొట్టేది. పదిగంటలకు ఏ డాక్టరో సెలవు పెడితే పేజీ సాయంత్రం దాకా అబద్ధం ఆడుతూనే ఉండేది. ఒకరోజు మోకాళ్ళ నొప్పులాయన మూడు బస్సులు మారి వచ్చి, లేని డాక్టరు గది ముందు మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. వెళ్తూ వెళ్తూ, "పర్లేదులేమ్మా, మీరు మాత్రం ఏం చేస్తారు" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ మంచిమాట గళ్ళమ్మను నిద్రపోనివ్వలేదు.

ఆరు నెలలు తంటాలు పడి కోడు నేర్చుకుంది. పేజీ బిల్డర్‌కు తానే ఒక కొత్త గడి తయారుచేసింది. ఆ గడిలో ఎవరూ ఏమీ రాయనక్కర్లేదు. పేజీ ఎవరు తెరిచినా అది మూసేదాకా మళ్ళీ మళ్ళీ నేరుగా రిజిస్టరును అడిగి, ఆ క్షణాన ఎవరున్నారో, ఏ గదిలో ఉన్నారో తెచ్చి చూపిస్తుంది. దాన్ని చూపించమని పెద్ద డాక్టరమ్మే, అంటే ఆసుపత్రి సూపరింటెండెంటే, కబురు చేసింది. ఆ గడిని ఆసుపత్రికి వేరే ఊళ్ళలో ఉన్న పదకొండు శాఖల్లోనూ పెట్టించబోతున్నారు. చేసినవాళ్ళ చేతికే ఆ పని మొత్తం అప్పజెబుతారు. తీరా గళ్ళమ్మ గుమ్మం దాకా వచ్చేసరికి, లోపల పెద్ద తెర మీద తన గడే వెలుగుతోంది. దాని పక్కన నిలబడి బావగారు, "ఇది నేను సొంతంగా తయారుచేశాను మేడమ్" అంటున్నాడు.

ఇదీ సంగతి. ఇక పదండి లోపలికి.

పొడుగాటి బల్ల. కిటికీలోంచి పన్నెండు గంటల ఎండ బల్ల సగం దాకా పరుచుకుంది. ఈ చివర పెద్ద డాక్టరమ్మ, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, ఎదుట తెల్ల కాగితం. ఆమె పక్కన హెడ్ నర్సు. ఆ రిజిస్టరులో రోజూ డ్యూటీలు ఎక్కించేది ఈవిడే. వెనక వరసలో గోడ వారగా ఒక్క కుర్చీలో అక్క.

అక్కను చూడగానే గళ్ళమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. తన గొప్ప చూడమని బావగారే ఆమెను వెంటబెట్టుకు వచ్చినట్టున్నాడు. అమ్మ పోయాక అమ్మయి పెంచిన అక్క. ఇంటి ముందుగదిలో కుట్టుమిషన్ పెట్టుకుని, నర్సుల యూనిఫాంలు కుట్టి, ఆ డబ్బుతో చెల్లెల్ని చదివించిన అక్క. ఇంతకుముందు నాలుగుసార్లు బావగారు చెల్లెలి పని తనదని చెప్పుకుంటే, నాలుగుసార్లూ గళ్ళమ్మ "అవును, సారే చేశారు" అని తల ఊపిందంటే అది అక్క ముఖం చూసే. ఇవాళ నోరు విప్పితే ఆ అక్క ఎదుటే ఆమె మొగుణ్ణి దొంగను చెయ్యాలి.

"రామ్మా, రా" అన్నాడు బావగారు, ఏమీ ఎరగనట్టు. "మేడమ్, మా సెక్షన్ అమ్మాయే. గళ్ళవీ చక్కగా పేరుస్తుంది. నాకు సాయంగా ఉంటుంది."

"తెలుసు. ఈ అమ్మాయి చూపిస్తుందనుకున్నాను" అంది పెద్ద డాక్టరమ్మ.

"చిన్నపిల్ల మేడమ్, కంగారు పడుతుందని నేనే..."

ముప్పై రెండేళ్ళ చిన్నపిల్ల వచ్చి చివరి కుర్చీలో కూర్చుంది. లాప్‌టాప్ ఒళ్ళోనే పెట్టుకుంది. ఇంకోసారి తల ఊపేస్తే పోలా అనిపించింది ఆమెకు. నాలుగుసార్లు ఊపిన తల ఐదోసారి ఊపితే అరిగిపోతుందా?

తెర మీద పేర్లు వరసగా ఉన్నాయి. గుండె డాక్టరు, రెండో గది. ఎముకల డాక్టరు, ఐదో గది. పిల్లల డాక్టరు, కళ్ళ డాక్టరు... ఆఖర్న చర్మం డాక్టరు, పదహారో గది. పేరు పక్కన ఫొటో, ఫొటో కింద వేళలు. పెద్ద డాక్టరమ్మ మెచ్చుకోలుగా తల పంకించింది. గళ్ళమ్మకు కోపం రావలసిన చోట ముందు గర్వం వచ్చింది. ఎంత బాగుంది! ఇంత పెద్ద తెర మీద తన పనిని ఆమె ఎప్పుడూ చూసుకోలేదు. ఆ ఫొటోల అంచులు గుండ్రంగా ఉండాలని రెండు రోజులు కొట్టుకుంది తను. వేళలు పెద్దక్షరాల్లో పెట్టింది చూపు ఆననివాళ్ళ కోసం.

అప్పుడు ఆమె కన్ను చర్మం డాక్టరు ఫొటో మీద ఆగింది. ఆ ఫొటో అంచు కోసుగా ఉంది, గుండ్రంగా లేదు.

ఇది తను పూర్తిచేసిన గడి కాదు. గడి తయారీలో ఆమె ఏడు కాపీలు దాచుకుంది, తనూ ఉండే అక్కావాళ్ళింటి ముందుగది కంప్యూటర్లోనే. తెర మీదున్నది వాటిలో మొట్టమొదటిది. మొట్టమొదటి కాపీలో ఏముందో ఆమెకు తెలిసినంతగా లోకంలో ఇంకెవరికీ తెలియదు. ఒక్కసారిగా వెన్ను నిటారయింది.

"ఈ పేజీ ఇవాళే పైకి ఎక్కించేద్దామా?" అని అడుగుతోంది పెద్ద డాక్టరమ్మ.

"తమరు ఊఁ అంటే ఇప్పుడే మేడమ్."

"వద్దు" అంది గళ్ళమ్మ.

గదిలో అందరూ ఇటు తిరిగారు. బావగారు నవ్వు ముఖంతోనే కళ్ళెర్రజేశాడు. ఆ చూపు ఇంట్లో అన్నం దగ్గర చూసే చూపే.

"ఎందుకమ్మా?" అంది పెద్ద డాక్టరమ్మ.

"మేడమ్, పేజీ అడుగున అత్యవసర విభాగం గది నంబరూ ఫోనూ ఉండాలి. సారు ఇంకా అంత కిందికి జరపలేదు. అక్కడ పదహారో గది అని ఉంటుంది. చర్మం డాక్టరు ఫోన్ నంబరు ఉంటుంది."

"ఏం మాట్లాడుతున్నావ్?" అన్నాడు బావగారు. "అత్యవసరానికీ చర్మానికీ ఏంటి సంబంధం? చూడకుండా నోటికొచ్చింది చెప్పెయ్యడమే?"

"జరిపి చూడండి సార్."

ఆయన జరపలేదు. హెడ్ నర్సు లేచి, ఆయన చేతి కిందున్న మౌసును మర్యాదగానే లాక్కుని జరిపింది. పేజీ మెల్లగా పైకి కదిలింది. అడుగున ఎర్రటి గడిలో అత్యవసర విభాగం అని పెద్దక్షరాలు, దాని కింద పదహారో గది, చర్మం డాక్టరు ఫోను.

"గుండె పట్టుకుని వచ్చినవాణ్ణి దద్దుర్ల డాక్టరు దగ్గరికి పంపిస్తోందే ఇది!" అంది హెడ్ నర్సు, నవ్వాలో ఏడవాలో తెలియక.

పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "కింద ఏముందో చూడకుండానే చెప్పావు. ఎలా?"

గళ్ళమ్మ లేచి నిలబడింది. వెనక వరస వైపు చూడకుండా ఉండటానికి బల్ల అంచును గట్టిగా పట్టుకుంది.

"ఎలాగంటే మేడమ్, ఆ తప్పు చేసింది నేనే."

తర్వాతి మాటలు వాటంతట అవే వచ్చాయి. ఇన్నాళ్ళూ పళ్ళ వెనక అణిచిపెట్టుకున్నవి కదా, దారి దొరకగానే ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి.

"ఈ గడి రిజిస్టరులోంచి డాక్టర్లను ఒక్కొక్కరినీ పిలుస్తుంది. ఎవర్ని పిలిచినప్పుడు, ఆ కాసేపూ పేజీ వాళ్ళదే అయిపోతుంది. వాళ్ళ పేరు, వాళ్ళ గది, వాళ్ళ ఫోను. అందర్నీ పిలవడం అయిపోయాక, ఇక నీ చోటికి నువ్వు తిరిగి రా అని పేజీకి ఒక వాక్యం రాయాలి. మొదటిసారి నేను ఆ వాక్యం రాయలేదు. అందుకని పేజీ ఆఖరి పేరు దగ్గరే ఆగిపోయింది. దాని కింద ఏ నంబరు వెయ్యమన్నా ఆఖరి మనిషి నంబరే వేస్తుంది. అదెందుకో తెలియక నేను తొమ్మిది రోజులు తల పట్టుకున్నాను. దొరికిన రోజు ఇంట్లో గెంతులేశాను, మా అక్కనడగండి."

అక్క అనే మాట వచ్చాక నాలుక కరుచుకుంది. కానీ ఆగలేదు.

"సారు చూపించింది నా గడే మేడమ్. నేను తప్పు దిద్దుకోకముందు రాసిన మొదటి కాపీ. నా దగ్గర ఏడోది ఉంది. చూస్తారా?"

"చూపించు."

లాప్‌టాప్‌కు తీగ తగిలించడానికి హెడ్ నర్సు సాయం పట్టింది. తెర మీద అవే పేర్లు, అవే గదులు వచ్చాయి, ఈసారి చర్మం డాక్టరు ఫొటో కూడా గుండ్రంగానే ఉంది. కిందికి జరిపితే అత్యవసర విభాగం తన గదిలో తను భద్రంగా ఉంది.

"సిస్టర్, మీరు మీ ఫోన్లోంచి రిజిస్టరు తెరిచి, ఎవరికైనా సెలవు పెట్టండి" అంది గళ్ళమ్మ.

"నిజంగానే కళ్ళ డాక్టరుగారు ఇందాక ఒంట్లో బాగాలేదని వెళ్ళిపోయారు. ఎక్కించడం కుదరలేదింకా." హెడ్ నర్సు ఫోన్లో రెండుసార్లు నొక్కింది.

గళ్ళమ్మ రెండు చేతులూ పైకెత్తి చూపించింది, నేనేమీ ముట్టుకోవడం లేదు చూడండి అన్నట్టు. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేలోపు తెర మీద కళ్ళ డాక్టరు వరస బూడిదరంగుకు మారింది. పేరు కింద కొత్తగా రెండు మాటలు వచ్చాయి. "ఇవాళ లేరు. రేపు ఉదయం తొమ్మిదికి వస్తారు."

"రేపు వస్తారని దానికెలా తెలుసు?" అంది పెద్ద డాక్టరమ్మ ముందుకు వంగి.

"రేపటి డ్యూటీ కూడా రిజిస్టరులో ఉందిగా మేడమ్. లేరు అని ఊరుకుంటే వచ్చినవాళ్ళు ఏం చెయ్యాలి? బస్సెక్కకముందే తెలియాలి కదా. ఒకవేళ ఆ రోజు ఎవ్వరూ లేకపోతే, గడి ఖాళీగా పడి ఉండదు. ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్తుంది. ఖాళీగా కనబడితే జనం పేజీ పాడైందనుకుంటారు."

హెడ్ నర్సు నోటి మీద చెయ్యి వేసుకుంది. "రోజుకు నలభైమందికి చెప్పుకుంటాను తల్లీ ఈ మాట, డాక్టరుగారు లేరూ రేపు రండీ అని. నా గొంతు నిలబెట్టావు."

పెద్ద డాక్టరమ్మ ఆ పేజీని పైనుంచి కిందికి, కిందనుంచి పైకి రెండుసార్లు చదివింది. ముప్పై ఏళ్ళు రోగుల్ని చూసిన మనిషి, దేన్నీ తొందరగా మెచ్చుకోదు. ఆఖరికి ఎదుటున్న తెల్ల కాగితాన్ని దగ్గరికి లాక్కుంది.

"అమ్మాయ్, ఇది ఎవరిదని రాసుకోమంటావు?"

గళ్ళమ్మ ఈసారి తల ఊపలేదు. "నాది మేడమ్" అంది. ఆ మాట అనడం ఇంత తేలికని ముప్పై రెండేళ్ళలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఒళ్ళంతా వెచ్చబడింది. గెలిచానన్న పొగరు ఏమాత్రం లేదందులో. తన బిడ్డను తన బిడ్డ అని నలుగురిలో చెప్పుకున్న తల్లికి కలిగే గర్వం అది.

బావగారు ఇక లాభం లేదనుకున్నాడో ఏమో, గొంతు పెంచాడు.

"సరే మేడమ్, అమ్మాయిదే అనుకుందాం. నేనేమైనా దాని గదిలో దూరి దొంగతనం చేశానా? ఇంట్లో కూర్చోబెట్టి, ఇదిగో తీసుకోండి అని నా చేతికిచ్చారు. ఇంటావిడ ఇస్తే తీసుకోవడం కూడా తప్పేనా? అడగండి, అదుగో అక్కడే కూర్చుంది."

గళ్ళమ్మ ఇందాకట్నుంచీ చూడకుండా దాటేసిన వెనక వరస వైపు ఇప్పుడు చూడక తప్పలేదు. అక్క ముఖంలో కంగారు లేదు, సిగ్గు లేదు. ఒళ్ళో చేతిసంచి సర్దుకుని నింపాదిగా లేచింది.

"నేనే ఇచ్చాను" అంది.

అంతసేపూ ఎత్తుగా నిలబడిన గళ్ళమ్మ ఆ ఒక్క మాటతో కుర్చీలో కూలబడింది. బావగారు తీసుకున్నాడంటే ఆయన తీరే అంత అని సరిపెట్టుకోవచ్చు. అక్క ఇవ్వడమేంటి? తొమ్మిది రోజుల తిప్పలు చూసింది, గెంతులు చూసింది, ఆ రోజు తనూ కలిసి నవ్వింది.

"అక్కా, నువ్వా? నీకు నేనేం తక్కువ చేశానే?"

"ఉండవే, పూర్తిగా విను." అక్క బల్ల దాకా వచ్చి పెద్ద డాక్టరమ్మకు ఎదురుగా నిలబడింది. "మేడమ్, ఏడు కాపీలున్నాయి. ఈయన రోజూ అడుగుతున్నారు, మరదలు ఏదో చేస్తోందట, ఒకసారి ఇవ్వు చూస్తానని. ఆరింటిలో ఆ తిరిగి రమ్మనే వాక్యం ఉంది. మొదటిదాంట్లో లేదు. ఏరి ఏరి మొదటిదే ఇచ్చాను. ముప్పై ఎనిమిదో వరస తర్వాత ఉండాలది. లేదని ఈయన ఇవాళ్టిదాకా పట్టుకోలేదు."

బావగారి ముఖం వాడిపోయింది. గళ్ళమ్మకు మాత్రం కోపం ఎటు పోయిందో తెలియలేదు, ఆ చోట అయోమయం వచ్చి కూర్చుంది. ముప్పై ఎనిమిదో వరస! తను కూడా చూసుకుంటే తప్ప చెప్పలేని సంగతి. కుట్టుమిషన్ తప్ప ఇంకే మిషనూ తెలియదని, కంప్యూటరు మీద దుమ్ము తుడవడం వరకే తన పని అని ఇన్నేళ్ళూ చెప్పుకొచ్చిన అక్క ఈమేనా?

"కావాలనే ఇచ్చారన్నమాట" అంది పెద్ద డాక్టరమ్మ.

"కావాలనే. నాలుగుసార్లు ఇది తల ఊపి ఇంటికొచ్చి, నాకు తెలియకుండా ఏడ్చింది. నా ముఖం చూసి ఊరుకుంటోందని నాకు తెలియదా? ఇది నాది అని నలుగురిలో దీని నోటితో ఇది చెప్పాలి. నేను చెవులారా వినాలి. తప్పు పేజీ జనం దాకా పోతుందన్న భయం నాకు లేదు మేడమ్. పోనిస్తుందా ఇది?" అక్క చెల్లెలి వైపు తిరిగింది. కళ్ళు నిండిపోయి ఉన్నాయి, గొంతు మాత్రం నిబ్బరంగా ఉంది. "ఇందాక నాది అన్నావు చూడు, నా కడుపు నిండిపోయిందే. పదకొండేళ్ళ కిందట ఆ మాట నేను అనలేకపోయాను."

హెడ్ నర్సు వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టుకుంది.

"పదకొండేళ్ళ కిందటా?" అంది హెడ్ నర్సు. "అప్పుడేగా రిజిస్టరు వచ్చింది?"

"ఆ రిజిస్టరుకు కోడు రాసింది నేనే."

బావగారు ఒక్క ఊపున ముందుకొచ్చాడు. అడ్డొచ్చిన కుర్చీ పక్కకు పడింది. "మతిపోయిందా నీకు? మేడమ్, ఈవిడ మాటలు పట్టించుకోకండి. బట్టలు కుట్టుకునే మనిషి. రుజువేది? రుజువు చూపించమనండి!"

అక్క కోప్పడలేదు. వచ్చి తెర ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుంది. సూదిలో దారం ఎక్కించే ఆ వేళ్ళు చెల్లెలి కీబోర్డు మీద వాటి చోట్లలో అవి సర్దుకున్నాయి, ఏనాడూ అక్కణ్ణుంచి కదలనట్టు.

"ఉందండీ" అంది మొగుడి వైపు చూడకుండానే. "నేనూ అందులో ఒక తప్పు చేశాను. మీరు నా చేతిలోంచి తీసుకుపోయేసరికి దిద్దడానికి నాకు వ్యవధి లేకపోయింది. పదకొండేళ్ళుగా అక్కడే ఉంది. రాసింది మీరే కదా, అదెక్కడుందో మేడమ్‌కు చూపించండి."